స్మారకం ముందు నిలబడేది ఎవరు? పురపాలక సంఘానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక సంఘం అధ్యక్షులకు, కమిషనర్ గారికి, సైనిక స్మారక నిర్మాణ సంఘం సభ్యులకు నమస్కారాలు.

మన ప్రాంతం నుంచి సైన్యంలోకి వెళ్లి తిరిగిరానివారి కోసం కాలువ గట్టున ఒక స్మారకం కట్టాలని తీర్మానించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అది ఎప్పుడో ఉండవలసింది. దాని నమూనా చిత్రాన్ని ఫ్లెక్సీగా వేయించి, కార్యాలయం గోడకు కట్టి, అభిప్రాయాలు తెలపవలసిందిగా ప్రజలను కోరారు. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పిన డ్రాయింగు మాస్టారుగా నా అభిప్రాయం రాస్తున్నాను. కార్యాలయంలో ఇస్తున్న పత్రంలో అభిప్రాయానికి నాలుగు గీతలే వదిలారు. నేను చెప్పదలచింది అందులో పట్టలేదు గనుక ఈ బహిరంగ లేఖ.

ఫ్లెక్సీ చూడనివారి కోసం అందులో ఏముందో ముందు చెబుతాను. ఎత్తయిన దిమ్మె మీద ఒక సైనికుడు బండరాయిపై కాలు మోపి, తుపాకి పైకెత్తి, నోరు తెరిచి గర్జిస్తున్నాడు. ఆ కాలి దగ్గర శత్రు సైనికుడి శవం బోర్లా పడి ఉంది. వెనుక గోడ పొడవునా మంటలు, ఆ మంటల్లోంచి దూసుకొస్తున్న యుద్ధ విమానాలు, ఒక హెలికాప్టరు. ముందు వైపు నల్లరాతి పలక మీద దాతల పేర్లు; దాని పక్కన, అందులో సగం కూడా లేని మరో పలక మీద అమరుల పేర్లు. మొత్తం మీద కొత్త సినిమా విడుదలైన రోజు థియేటరు ముందు కట్టే బ్యానరులా ఉంది. గీసిన కుర్రవాడిని నేను తప్పుపట్టడం లేదు. అతనికి మీరు ఇచ్చిన గడువూ, అతని కంప్యూటర్లో దొరికిన బొమ్మలూ అంతవరకే అతన్ని తీసుకువెళ్లాయి.

ఆ బొమ్మల సంగతి కొంచెం చూడండి. మీరు ప్రకటించిన జాబితాలోనివారు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు సరిహద్దుల్లో ప్రాణాలు విడిచారు. 1962లో చైనా సరిహద్దుకు వెళ్లిన మన పదాతి సైనికుడి చేతిలో ఉన్నది పాత త్రీ నాట్ త్రీ రైఫిలు. 1971 నాటికి ఎస్‌ఎల్‌ఆర్ వచ్చింది. కార్గిల్ కొండలెక్కినవారిలో చాలామంది చేతిలో ఇన్‌సాస్ ఉంది. నమూనాలోని సైనికుడు పట్టుకున్నది అమెరికా సైనికుల ఫొటోల్లో కనిపించే తుపాకి. హెలికాప్టరూ, శిరస్త్రాణమూ అక్కడివే. అంటే ఇంటర్నెట్‌లో దొరికిన పరదేశపు సైనికుడికి మన జెండా కట్టి, మన పిల్లల పేర్ల పక్కన నిలబెడుతున్నాం. మన ప్రాంతంలో సైన్యంలో పనిచేసి వచ్చినవారికి కొదవ లేదు. వారిలో ఒక్కరిని పిలిచి చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవారు.

అయితే తుపాకి మార్చినంత మాత్రాన ఈ నమూనా సరవుతుందని నేను అనుకోవడం లేదు. ఆ దిమ్మె ముందు ప్రతి సంవత్సరం వచ్చి నిలబడేవారు ఎవరో ఆలోచించకుండా ఈ బొమ్మ గీశారన్నదే నా అసలు అభ్యంతరం. కొడుకు శవపేటిక మీది జెండాను మడిచి ఇస్తే చేతుల్లోకి తీసుకున్న తల్లి అక్కడికి వస్తుంది. భర్త ముఖం ఫొటోలోనే ఎక్కువకాలం చూసిన భార్య వస్తుంది. వారికి ఈ గర్జించే మనిషి ఎవరో తెలియదు. కాలి దగ్గర పడి ఉన్న శవాన్ని చూసినప్పుడు మాత్రం వారికి తమవాడు ఎలా పడి ఉంటాడో గుర్తుకురాక మానదు. స్మారకం మీద ఏ దేశపు సైనికుడి శవాన్ని పెట్టినా జరిగేది అదే.

యుద్ధాన్ని బొమ్మగా చూపడంలో ఉన్న చిక్కు మనకు కొత్తగా వచ్చింది కాదు. 1858లో ఫెలిచే బియాటో అనే ఫొటోగ్రాఫరు లక్నోలోని సికందర్ బాగ్‌కు వెళ్లాడు. అంతకుముందు నవంబరులో అక్కడ సుమారు 2 వేల మంది తిరుగుబాటు సిపాయిలను బ్రిటిషు సేనలు చంపాయి. బియాటో తీసిన ఫొటోలో శిథిలమైన భవనం ముందు ఎముకలూ పుర్రెలూ చెదిరి ఉంటాయి. ఫొటో కోసం ఆ ఎముకలను ఆవరణలో పరిపించారని చరిత్రకారులు చెబుతారు. యుద్ధభూమిలో శవాలను చూపిన తొలి ఫొటోల్లో ఒకటిగా పేరుపొందిన ఆ చిత్రం మన దేశంలోనే తీసింది, అందులోని మృతులు మనవాళ్లే, అది సర్దిపెట్టిన దృశ్యమే. కెమెరాతో తీసినదానికే ఇంత కల్పన అంటినప్పుడు, అక్కడా ఇక్కడా దొరికిన ముక్కలు అతికించి వేసిన బొమ్మలో నిజం ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

దీనికి ఎదురుగా స్పెయిన్ చిత్రకారుడు గోయాను తలచుకుంటాను. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించిన కాలంలో మొదలుపెట్టి, 1810 నుంచి సుమారు పదేళ్లపాటు, ఆయన యుద్ధ ఘోరాల మీద 82 రాగి రేకులు చెక్కాడు. ఊరు వదిలి పారిపోతున్న జనాన్ని చూపిన ఒక రేకు కింద ‘నేను చూశాను’ అని మాత్రమే రాశాడు. ఆ ముద్రణలు ఆయన బతికుండగా వెలుగు చూడలేదు. 1828లో ఆయన పోతే 1863లో గానీ ప్రచురణ కాలేదు. వాటిలో గర్జించే వీరుడు మచ్చుకైనా కనిపించడు. చంపేవాడు, చచ్చేవాడు, ఆకలితో కూలబడ్డవాడు, శవాన్ని లాక్కుపోయేవాడు కనిపిస్తారు. మన స్మారకం అంత కర్కశంగా ఉండాలని నేను కోరను. ఊరి మధ్య, పిల్లలు ఆడుకునేచోట నిలిచేదానికి ఆ తీరు తగదు. చూసినవాడి మాట తీసుకుని గీయాలన్న పాఠం ఒక్కటి తీసుకుంటే మనకు చాలు.

ఒక శిల్పం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పనివ్వండి. జర్మనీకి చెందిన శిల్పి కేథే కోల్విట్జ్ చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. అతనికి 18 ఏళ్లు. అతని కోసం ఒక స్మారక శిల్పం చేయాలని ఆమె ఆ ఏడాదే సంకల్పించింది. మొదట కొడుకును పడుకోబెట్టి, తలవైపు తండ్రిని, కాళ్లవైపు తల్లిని చేయాలనుకుంది. చేసింది, చెరిపింది, మధ్యలో ఏళ్ల తరబడి వదిలేసింది, మళ్లీ మొదలుపెట్టింది. చివరికి కొడుకు బొమ్మను పూర్తిగా తీసివేసింది. 1932లో బెల్జియంలోని సైనిక శ్మశానంలో ఆమె నిలిపినవి రెండే విగ్రహాలు: మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో తనను తానే గట్టిగా పట్టుకున్న తండ్రి, తల పూర్తిగా వంచేసిన తల్లి. ఆ ముఖాల్లో ఆమె పోలికా, ఆమె భర్త పోలికా ఉన్నాయి. తుపాకి లేదు, జెండా లేదు, యూనిఫారం లేదు. ఎదురుగా ఉన్న సమాధుల వరసల్లో కొడుకు ఉన్నాడు గనుక వేరే విగ్రహం అవసరం లేకపోయింది. ఆ శిల్పం ఫొటోను నేను తరగతిలో పిల్లలకు చూపించినప్పుడల్లా, వీళ్లు ఎందుకు ఏడుస్తున్నారని ఎవరూ అడగలేదు. ఎవరు చనిపోయారని అడిగారు. స్మారకం అడిగించవలసిన ప్రశ్న అదేనని నాకు అనిపిస్తుంది.

‘ఇదంతా పాశ్చాత్యుల గొడవ, మన సంప్రదాయం వీరరసం’ అని మీలో కొందరు అనవచ్చు. మన సంప్రదాయాన్నే చూద్దాం. తెలుగు నేలమీద, కన్నడ నేలమీద ఊరి పొలిమేరల్లో కనిపించే పాత వీరగల్లులు చాలావాటిని అరలుగా చెక్కారు. కింది అరలో పోరు, మధ్య అరలో వీరుణ్ణి పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పై అరలో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్న అతని రూపం. అంటే రాతిలో మూడో వంతు మాత్రమే యుద్ధానికిచ్చి, మిగిలినదంతా ఆ మనిషి పోవడానికీ, అతనికి దక్కే శాంతికీ ఇచ్చారు. నన్నయ రాజమహేంద్రవరంలో కూర్చుని మొదలుపెట్టిన భారతం తిక్కన చేతికి వచ్చి యుద్ధపర్వాలు దాటాక నేరుగా పట్టాభిషేకానికి పోదు. మధ్యలో స్త్రీపర్వం ఉంది. గాంధారి కురుక్షేత్రంలో ఒక్కొక్క శవాన్నీ, దాని మీద పడి ఏడుస్తున్న కోడళ్లనూ చూపిస్తుంది. యుద్ధం ఎలా కనిపిస్తుందో చెప్పే బాధ్యతను ఆ కావ్యం అంతవరకు కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీకి అప్పగించింది.

ఇంకా దగ్గరకు వస్తే, సామర్లకోట పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాడించే కుటుంబాలు ఉన్నాయి. వారి యుద్ధ ఘట్టం చూసినవారికి తెలుసు: తెరమీద బొమ్మలు ఒకదాన్నొకటి ఢీకొంటుంటే, ఆడించేవారి కాళ్ల కింద చెక్కలు టపటపలాడుతుంటే, ముందు కూర్చున్న పిల్లలు లేచి నిలబడతారు. కానీ పెద్దవాళ్లు ఎదురుచూసేది ఆ తరువాతి ఘట్టం కోసం. లక్ష్మణుడు మూర్ఛపోతాడు. అంతవరకు విల్లు ఎక్కుపెట్టి నిలిచిన రాముడి బొమ్మ తమ్ముడి పక్కకు ఒరుగుతుంది, చప్పుడు ఆగుతుంది, పాట మొదలవుతుంది. దేవుడైన రాముడిని యుద్ధభూమిలో ఏడుస్తూ చూపడం వల్ల ఆయన వీరత్వం తగ్గిందని ఈ గోదావరి డెల్టాలో ఎవరూ ఇంతవరకు అనలేదు.

మరి మన ప్రాంతం యుద్ధాన్ని ఎలా చూసింది? పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషువారూ, ఫ్రెంచివారూ పోరాడారు. విజయనగరం రాజు ఇంగ్లీషువారి పక్షాన ఉన్నాడు. రెండు సైన్యాల్లోనూ ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలే. తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా అక్కడి ఇళ్ల నుంచి సైన్యంలోకి వెళ్తున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఇవి మన చరిత్ర పుస్తకాల్లో ఒక్కొక్క వాక్యంగా అయినా ఉన్నాయి.

ఒక్క వాక్యం కూడా సరిగా దక్కనిది రంగూన్ కథ. కోరంగి, కాకినాడ రేవుల నుంచి తరాల తరబడి ఓడలెక్కి బర్మాకు వెళ్లినవారు అక్కడ బియ్యం మిల్లుల్లో, ఓడరేవుల్లో, రిక్షాల దగ్గర పనిచేశారు. అక్కడివారు తెలుగు కూలీలను కోరంగీలనే పిలిచేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మార్చికల్లా ఆ నగరం జపాను వశమైంది. ఓడల్లో చోటు దొరికినవారు కొద్దిమందే. మిగిలినవారు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా నడక సాగించారు. అలా బర్మా వదిలి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షల మంది ఉంటారని అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేల మంది దారిలోనే పోయారు. వారిలో మన డెల్టా వాళ్లు ఎందరో. వారెవరి చేతిలోనూ తుపాకి లేదు. అయినా ఈ జిల్లాల్లో చాలా ఇళ్లను ఆ యుద్ధం తాకిన తీరు అదే: ఉత్తరం ఆగిపోవడం, మనియార్డరు ఆగిపోవడం, ఒకనాడు ఎముకల గూడులా ఒక మనిషి గుమ్మంలోకి రావడం, లేదా ఎవరూ రాకపోవడం. ఈ నడకను చూపిన గోడ బొమ్మ గానీ, విగ్రహం గానీ మన ఊళ్లలో నా కంటపడలేదు. మంటలకూ విమానాలకూ కేటాయించిన ఆ పొడవైన గోడలో కొంత భాగమైనా దీనికి ఇవ్వమని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

తుపాకి లేకుండా యుద్ధాన్ని చూపగలమా అని సందేహం రావచ్చు. అదే బర్మా పతనం తరువాత, అక్కడి బియ్యం ఆగిపోవడం కూడా ఒక కారణమై, 1943లో బెంగాల్లో కరువు వచ్చింది. జైనుల్ ఆబెదీన్ చవక కాగితం మీద నల్ల సిరాతో ఆ కరువు మనుషులను గీశాడు. చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి గీసిన బొమ్మల పుస్తకాన్ని బ్రిటిషు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కాల్పించింది. చిట్టగాంగ్ ప్రాంతంలో బాంబుదాడినీ, కరువునూ యువకుడిగా కళ్లారా చూసిన సోమనాథ్ హోర్ అయితే, దాదాపు మూడు దశాబ్దాల తరువాత తెల్లని కాగితపు గుజ్జు మీద తెల్లని గాట్లే మిగిల్చాడు. రంగు లేదు, మనిషి రూపం లేదు, ఒట్టి గాయాలు. ఆ పద్ధతి మన గోడకు పనికిరాకపోవచ్చు గానీ, యుద్ధం అనగానే నారింజ రంగు మంటలే వేయాలన్న నియమం ఏదీ లేదని అది రుజువు చేస్తుంది.

విగ్రహమే వద్దని నేను అనడం లేదు. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకానికి 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ నమూనా ఎంపికైంది. నేలలోకి దిగిన నల్లరాతి గోడ, దానిమీద చనిపోయిన క్రమంలో సైనికుల పేర్లు, అంతే. మాజీ సైనికుల్లో కొందరు అది అవమానమని గొడవ చేశారు. 1982లో గోడ కట్టారు, 1984లో కొంచెం దూరంగా ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలూ పెట్టారు. ఆ ముగ్గురూ పోరాడుతూ లేరు. అలిసిపోయి, గోడమీది పేర్లవైపు చూస్తున్నట్టు నిలబడి ఉంటారు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ యుద్ధ ఘట్టాల కంచు కుడ్యచిత్రాలు ఆరు ఉన్నాయి. వాటికి ఒక వలయం కేటాయించి, అంతకంటే చాలా పెద్ద వలయంలో, ఒక్కొక్క గ్రానైటు పలక మీద ఒక్కొక్క పేరు చొప్పున 25 వేలకు పైగా పేర్లు చెక్కారు. దేశం మొత్తానికి కట్టినదానిలో పేరుకు అంత చోటు దొరికినప్పుడు, మన పట్టణంలో దాతల పలక కంటే అమరుల పలక చిన్నదిగా ఉండవలసిన అగత్యం ఏమిటి? దాతలను నొప్పించాలని నా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది నాకు తెలిసినవారే, కొందరు నా దగ్గర చదువుకున్నవారు. వెనుక గోడ మీద చిన్న అక్షరాలతో పేర్లు వేస్తామంటే వారెవరూ ఇచ్చిన డబ్బు వెనక్కి అడగరని నమ్ముతున్నాను.

పేర్ల గురించి మరొక మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి కోసం బ్రిటిషు సామ్రాజ్యపు యుద్ధ సమాధుల కమిషన్ పదవినీ జాతినీ చూడకుండా అందరినీ సమానంగా స్మరిస్తామని చెప్పింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను దళాల వారీగా సంఖ్యలుగా వదిలేసింది. ఆసియా, ఆఫ్రికా సైనికుల పట్ల జరిగిన ఇటువంటి అన్యాయాలకు ఆ సంస్థ 2021లో క్షమాపణ చెప్పింది. మీ జాబితాను హోదాల వారీగా వేశారు. దాన్ని చనిపోయిన సంవత్సరం వారీగా మార్చి, ప్రతి పేరుకూ ఊరి పేరు చేర్చండి. వంటవారు, డ్రైవర్లు, మోతపని చేసినవారు ఎవరైనా ఉంటే వారి పేర్లూ అదే వరసలో, అదే సైజులో ఉండాలి.

ఇక చేయించే పద్ధతి. విగ్రహాలకు పేరుపొందిన కొత్తపేట మనకు కూతవేటు దూరంలో ఉంది. అక్కడి శిల్పులు మనిషి పోలికను మట్టిలో పట్టడంలో దిట్టలు. ఏ విగ్రహమైనా మొదట మట్టిలో రూపం తీసుకుంటుంది, తరువాత ప్లాస్టరు అచ్చు, ఆ తరువాత ఫైబరో కంచో పోత. మట్టి దశలో ముక్కు మార్చవచ్చు, చేయి దించవచ్చు, కాలి దగ్గరి శవాన్ని తీసివేయవచ్చు. పోత పోశాక దిద్దడానికి ఏమీ ఉండదు. అందువల్ల టెండరు పత్రంలోనే మట్టి నమూనా దశలో చనిపోయినవారి కుటుంబాలనూ, మాజీ సైనికులనూ శిల్పశాలకు తీసుకువెళ్లి చూపించాలని ఒక షరతు పెట్టండి. ఖర్చు తగ్గుతుందని రంగు వేసిన ఫైబరుకు ఒప్పుకోకండి. మన ఉప్పుగాలికీ ఎండకూ ఆ రంగు ఎంతకాలం నిలుస్తుందో కూడళ్లలోని విగ్రహాలను చూస్తే తెలుస్తుంది. నిధులు చాలకపోతే విగ్రహం సైజు తగ్గించి కంచులోనే చేయించండి. తొమ్మిదడుగుల మనిషి ఎవరి ఇంటి కొడుకులానూ కనిపించడు. దిమ్మె కూడా నడుము ఎత్తు దాటకుండా ఉంటే ముసలివాళ్లు పూలదండ తామే వేయగలుగుతారు, ప్రతిసారీ నిచ్చెన వేసి ఒకరిని ఎక్కించనక్కరలేదు.

విగ్రహం ఏ భంగిమలో ఉండాలో నిర్ణయించడం నా పని కాదు. అడిగితే మాత్రం ఒకటి చెబుతాను: సెలవు అయిపోయి రైలెక్కడానికి భుజాన సంచీ తగిలించుకుని బయలుదేరిన సైనికుడు, సాగనంపడానికి వచ్చినవారు. మన ప్రాంతంలో ప్రతి సైనిక కుటుంబమూ నిజంగా చూసిన దృశ్యం అదే. గర్జన మాత్రం ఎవరో సినిమాలో చూసింది.

వచ్చే సమావేశంలో నమూనాను ఖరారు చేస్తారని విన్నాను. ఆ ఖరారును ఒక్క నెల వాయిదా వేసి, కుటుంబాల వారిని, మాధవపట్నం కళాకారులను, కొత్తపేట శిల్పులను, రాజమహేంద్రవరం దామెర్ల రామారావు చిత్రశాల చూసి పెరిగిన మన చిత్రకారుల్లో ఒకరిద్దరిని, మిలటరీ మాధవరం పెద్దలను పిలిచి ఒక బహిరంగ సమావేశం జరపండి. బర్మా నడక గురించి తమ ఇళ్లలో విన్నది చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వారి మాటలు రాసుకోవడానికీ, వాటిని బట్టి గోడకు చిత్తు బొమ్మలు గీయడానికీ నేను, నా పాత విద్యార్థులు కొందరు, రూపాయి తీసుకోకుండా సిద్ధంగా ఉన్నాం. సమావేశం తేదీని కార్యాలయం బోర్డు మీద వేయించండి. ఈ లేఖ ప్రతిని స్మారక నిర్మాణ సంఘం సభ్యులందరికీ విడివిడిగా అందజేస్తున్నాను.

ఇట్లు,
మీ పట్టణ పౌరుడు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు